ఫొటో దీపం

సొంతంగా తీసిన ఛాయాచిత్రాన్ని బట్ట మీదో కాగితం మీదో గాజు మీదో ఎక్కించి, వెనక బుగ్గ (బల్బు) అమర్చి, చేత్తో తయారుచేసుకునే దీపాన్ని ఇక్కడ ఫొటో దీపం అంటున్నాం. బల్ల మీద నిలబెట్టేవి, గోడకు బిగించేవి, దూలానికి వేలాడేవి అన్నీ దీని రకాలే. గోడ మీది ఫొటోకు ఎదురుగా లైటు వేస్తే అది ఫొటో దీపం కాదు. వెలుగు బొమ్మ మీద పడి వెనక్కి రాకూడదు, బొమ్మలోంచి దూరి రావాలి. ఈ ఒక్క తేడా వల్ల ఫొటో ఎంపిక దగ్గర నుంచి అచ్చు, బట్ట, బుగ్గ, చట్రం దాకా లెక్కలన్నీ మారిపోతాయి. మొదటిసారి చేసేవాళ్ల పని చెడిపోయేది చాలావరకు ఫొటో బాగాలేక కాదు, ఈ తేడాను లెక్కలోకి తీసుకోక.

ఉత్తర తెలంగాణలో ఇది కులవృత్తీ కాదు, పరిశ్రమా కాదు. కానీ దీనికి కావలసిన పనులు విడివిడిగా చేసేవాళ్లు మెట్‌పల్లి లాంటి పట్టణంలో అందరూ దొరుకుతారు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జగిత్యాల జిల్లాలోకి వచ్చిన ఈ ఊరి పేరు చెప్తే తెలంగాణలో పాతతరానికి ముందు గుర్తొచ్చేది ఖద్దరు. 63వ నంబరు జాతీయ రహదారి పొడవునా కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ వైపు వెళ్తే పటాలు కట్టే దుకాణాలు, ఫ్లెక్సీ దుకాణాలు, వెల్డింగ్ షాపులు, టైలర్లు వరసగా కనిపిస్తారు. మేదరోళ్ల వెదురు పని, వడ్రంగం ఎటూ ఉన్నవే. ఈ చేతులన్నిటినీ ఒక దీపం దగ్గరికి తేవడమే ఈ కళలో అసలు పని.

ఎర్ర బుగ్గ, గోడ మీది పటం

ఫొటోకు, కరెంటు దీపానికి మన ఇళ్లలో పొత్తు కొత్తది కాదు. చనిపోయిన పెద్దల ఫొటోను పెద్దగా చేయించి, పటం కట్టించి, దండ వేసి, ముందు చిన్న ఎర్ర జీరో బుగ్గ పెట్టడం పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఇప్పటికీ ఉంది. ఆ బుగ్గ వెలిగేది బొమ్మ కనిపించడానికి కాదు, స్మరణకు. నిజానికి ఆ ఎర్ర వెలుగులో ముఖం సరిగా కనిపించనే కనిపించదు. కొండగట్టు, వేములవాడ, ధర్మపురి లాంటి క్షేత్రాల దుకాణాల్లో అమ్మే దేవుడి పటాల్లో కొన్నిటికి వెనక లైటు ఉంటుంది. స్విచ్ వేస్తే అంజన్న, రాజన్న, నర్సన్న లోపలి నుంచి వెలుగుతారు. ఫొటో దీపానికి మన దగ్గర అతి దగ్గరి బంధువు ఆ పటమే. ప్లాస్టిక్ చట్రమని చిన్నచూపు చూస్తాం గానీ, వెనక వెలుగు సమంగా పరుచుకోవడానికి అందులో పాలతెలుపు పొర ఒకటి ఉంటుంది. చేత్తో దీపం చేయాలనుకునేవాళ్లు అలాంటి పటాన్ని ఒకసారి విప్పి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

ఈ ప్రాంతంలో ఇంటికొక ఫొటో కథ కూడా ఉంటుంది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ వలసలు దశాబ్దాల నాటివి. దూరాన ఉన్నవాళ్ల ముఖాలు గోడ మీద, ఇక్కడివాళ్ల ముఖాలు అక్కడి గదుల్లో ఫోన్‌లో ఉంటూ వచ్చాయి. అందుకే ఇక్కడ ఫొటో దీపం చేస్తే అది అలంకారంతో ఆగదు.

ముందు నడిచినవాళ్లు

బొమ్మలోంచి వెలుగు దూర్చే విద్యలో తెలుగువాళ్ల పాత పాఠశాల తోలుబొమ్మలాట. మేకతోలును పలచగా గీకి, వెలుగు దాటేలా చేసి, రంగులద్ది, తెల్లటి తెర వెనక ఆడిస్తారు. వెనక ఆముదం దీపాలు ఉండేవి, తర్వాత కరెంటు బుగ్గలు వచ్చాయి. ఆట తగ్గాక అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో దీపాల తొడుగులు చేయడం మొదలుపెట్టారు. ధర్మవరం దగ్గర ఉన్న ఆ ఊరు ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పనిలో ఒక మెలకువను ఫొటో దీపం చేసేవాళ్లు నేరుగా తీసుకోవచ్చు. బొమ్మ ఒంటి మీది నగలు రంగుతో వేయరు. చిన్న ఉలితో రంధ్రాలు కొడతారు. వెనక దీపం వెలిగితే ఆ చుక్కలే ముత్యాలై మెరుస్తాయి. ఏ తెల్లరంగూ ఖాళీ రంధ్రమంత తెల్లగా ఉండదు. బతుకమ్మ ఆడే రాత్రి ఫొటోను కాగితం మీద అచ్చువేసి, దూరపు దీపాలున్న చోట సూదితో పొడిస్తే ఈ మెలకువ ఎంత పనిచేస్తుందో కనిపిస్తుంది.

ఐరోపాలో ఈ దారి ఫొటో కన్నా ముందే మొదలైంది. ఛాయాచిత్ర పద్ధతిని 1839లో ప్రపంచానికి చాటిన ఫ్రాన్స్ దేశస్థుడు లూయీ డాగేర్, అంతకుముందు 1822లో పారిస్‌లో డయోరమా అనే ప్రదర్శనశాల తెరిచాడు. పలచటి బట్ట మీద రెండువైపులా చిత్రించి, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి వెలుగు మారుస్తూ పగటిని రాత్రి చేసి చూపించేవాడు. ఫొటో పుట్టుక వెనక వెలిగే బట్ట ఉందన్నమాట. 1827లో ఫ్రాన్స్‌లోనే లిథోఫేన్ పద్ధతికి హక్కులు తీసుకున్నారు. పింగాణీ పలకను ఒకచోట మందంగా, ఒకచోట పలచగా తయారుచేస్తే దీపం ముందు అది నలుపు తెలుపు చిత్రంలా కనిపిస్తుంది. దీపాల తొడుగులుగా ఇవి బాగా చెలామణి అయ్యాయి. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు ఫొటోను అదే లెక్కన ప్లాస్టిక్ మందంగా మార్చుకుంటున్నారు.

1850 ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లాంగెన్‌హైమ్ సోదరులు గాజు మీద ఫొటో ముద్రించి మాయాదీపం తెర మీదికి తెచ్చారు. 1907లో లూమియేర్ సోదరులు అమ్మకానికి తెచ్చిన ఆటోక్రోమ్ రంగుల ఫొటో గాజు పలకే. వెలుగుకు పట్టుకుంటే తప్ప దాని రంగు కనిపించదు. 1950 నుంచి 1990 దాకా న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషన్‌లో కొడాక్ సంస్థ 18 అడుగుల ఎత్తు, 60 అడుగుల పొడవున్న ఫొటోలను వెనక దీపాలతో వెలిగించి ప్రదర్శించింది. 1970ల చివర్లో కెనడా కళాకారుడు జెఫ్ వాల్ ఇలా వెనక నుంచి వెలిగే ప్రకటనల పెట్టెనే చిత్రశాలలోకి తెచ్చాడు. ఫొటో లేకుండా తొడుగునే కళ చేసినవాడు ఇసాము నొగూచి. 1951లో జపాన్‌లోని గిఫు పట్టణానికి వెళ్లి, అక్కడి కాగితపు లాంతర్లు చూసి అకారి దీపాలు మొదలుపెట్టాడు. ఒక ఊరి పాత పనితనాన్ని చెడగొట్టకుండా కొత్త వస్తువు చేయడం ఎలాగో చూడాలంటే డాగేర్ కన్నా నొగూచి దగ్గరే నేర్చుకోవలసింది ఎక్కువ.

వెలుగు దూరితే బొమ్మకు ఏమవుతుంది

స్టూడియోలో ఇచ్చే 4×6 ప్రింటును తీసి ట్యూబులైటు ముందు పట్టుకుంటే సంగతి అర్థమవుతుంది. బొమ్మ మసకబారుతుంది, నలుపు బూడిదరంగు అవుతుంది. కాగితం వెనక అచ్చయిన కంపెనీ పేరు ముఖాల మధ్య తిరగబడి కనిపించినా ఆశ్చర్యం లేదు. ఆ కాగితానికి రెండువైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది. తెల్లదనం కోసం అందులో టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. దాని పనే వెలుగును వెనక్కి కొట్టడం. కాబట్టి స్టూడియో ప్రింటు దీపానికి పనికిరాదు.

రెండో సంగతి రంగు చిక్కదనం. గోడ మీది ఫొటోలో వెలుగు సిరా పొరలోంచి లోపలికి వెళ్లి, కాగితానికి తగిలి, మళ్లీ అదే సిరాలోంచి బయటికి వస్తుంది. అంటే రెండుసార్లు దాటుతుంది. దీపంలో ఒక్కసారే. అందుకే చేతిలో చూస్తే ముద్దుగా ఉన్న ప్రింటు, దీపం వేయగానే వెలవెలబోతుంది. దీనికి తేలికైన మందు ఒకటుంది. ఒకే బొమ్మను రెండు పలచటి పొరల మీద అచ్చువేసి, అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి అతికించాలి. సిరా రెట్టింపవుతుంది, నలుపు నలుపుగా నిలుస్తుంది. వెంట్రుకవాసి జరిగినా కళ్లు రెండుగా కనిపిస్తాయి కాబట్టి ముఖాల ఫొటోలకు దీన్ని ఓపికగా చేయాలి. పొలాలకు, చెట్లకు అంత పట్టింపు లేదు.

మెట్‌పల్లి లాంటి చోట అందుబాటులో ఉన్న పొరలు నాలుగైదు. ఇంజనీర్లు ప్లానులు గీసే ట్రేసింగ్ కాగితం వీటిలో నమ్మకమైనది. ఇంట్లో వాడే బటర్ పేపర్ చవకే గానీ లేజర్ ప్రింటర్ వేడికి ముడత పడుతుంది. ఓహెచ్‌పీ షీటు మీద వివరం బాగా వస్తుంది కానీ అది పూర్తిగా పారదర్శకం. వెనక బుగ్గ బుగ్గలాగే కనిపిస్తుంది కాబట్టి లోపల ట్రేసింగ్ కాగితం పొర తప్పదు. ఇంక్‌జెట్ కోసం చేసిన షీటును లేజర్ యంత్రంలో పెడితే కరిగి లోపలే అతుక్కుంటుంది. జిరాక్స్ దుకాణంవాళ్లు ముందే అడుగుతారు, అడగకపోతే మీరే చెప్పాలి. ఫ్లెక్సీ దుకాణాల్లో షాపుల బోర్డులకు వాడే బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ వెలుగును బాగానే దాటిస్తుంది. అయితే అది రోడ్డు అవతలి నుంచి చూడ్డానికి చేసిన సరుకు. దగ్గర నుంచి చూస్తే చుక్కలు, లోపలి జాలీ గళ్లు కనిపిస్తాయి, వేడికి వాసన వస్తుంది. పడకగదిలో పెట్టే దీపానికి ఫ్లెక్స్ వద్దు. ఈ విషయంలో మొహమాటపడక్కర్లేదు.

ఖద్దరు మీద నీలి అచ్చు

ఖద్దరుకు పేరున్న మెట్‌పల్లికి అచ్చంగా సరిపోయే పద్ధతి సయనోటైప్. 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడే ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు ఆకారాలతో ఈ పద్ధతిలోనే పుస్తకం మొదలుపెట్టింది. పాతకాలపు ఇంజనీర్ల నీలి ప్లానులూ ఇవే. ప్రింటర్ అక్కర్లేకుండా బట్ట మీద నేరుగా ఎండతో ఫొటో వేయొచ్చు. ఎండకు ఇక్కడ కరువా?

ఫెరిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక సీసాలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు మరో 100 మిల్లీలీటర్లలో ఇంకో సీసాలో విడివిడిగా కలపాలి. వాడే ముందు రెంటినీ సమపాళ్లలో కలిపి, గుడ్డి వెలుతురులో, బ్రష్‌తో బట్టకు పట్టించి, చీకట్లో ఆరబెట్టాలి. చేతికి గ్లవుజులు ఉండాలి, వంటగిన్నెలు దీనికి వాడకూడదు, ఫెర్రిసయనైడ్‌ను వేడిచేయడం గానీ ఆమ్లాలతో కలపడం గానీ చేయకూడదు. కొత్త ఖద్దరైతే గంజి పూర్తిగా పోయేదాకా ముందే ఉతకాలి. గంజి మిగిలిన చోట మందు పీల్చుకోక మచ్చలు పడతాయి. ఫొటోను కంప్యూటర్‌లో నలుపు తెలుపు చేసి, తిరగేసి, నెగెటివ్‌గా ఓహెచ్‌పీ షీటు మీద అచ్చు తీయించుకోవాలి. ఆరిన బట్ట మీద ఆ షీటు పరిచి, పైన గాజు పలక పెట్టి ఎండలో ఉంచాలి. వేసవిలో పాదరసం 45 డిగ్రీల దగ్గరికి వెళ్లే ఈ నేల మీద మిట్టమధ్యాహ్నం పది నిమిషాల లోపే పని కావచ్చు, వానాకాలం మబ్బులో అరగంటైనా చాలకపోవచ్చు. షీటు చుట్టూ ఖాళీగా ఉన్న బట్ట ఆకుపచ్చ నుంచి నీలం దాటి, కంచు బూడిదరంగుకు తిరిగితే తీసేయొచ్చు. తర్వాత మామూలు నీళ్లలో పసుపుపచ్చ జాడ పోయేదాకా జాడించాలి. తడి బట్ట మీద నీలం పలచగా అనిపిస్తుంది. ఒకరోజు గాలికి ఆరితే చిక్కబడుతుంది.

అసలు అందం దీపం వేశాకే తెలుస్తుంది. ఖద్దరు నూలు చేత్తో వడికింది కాబట్టి పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. పగలు అది కనిపించదు. వెనక నుంచి వెలుగు పడగానే లావు పోగులు ముదురు గీతలై, సన్నవి తెల్లటి దారులై, ఫొటో మొత్తం ఆ పడుగుపేకల మీద ఆనుకుని నిలబడుతుంది. మిల్లు బట్టలో ఇది రాదు. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. ఈ నీలానికి క్షారం పడదు, సబ్బు గానీ బట్టల సోడా గానీ తగిలితే వెలిసి పసుపు పచ్చగా మారుతుంది. దుమ్ము దులపాలి గానీ ఉతక్కూడదు. రెండోది, పసుపు వెలుగిచ్చే బుగ్గ వేస్తే నీలం చచ్చిపోయి మట్టిరంగు తగులుతుంది. 4000 కెల్విన్ దగ్గరి తెల్ల బుగ్గ దీనికి బాగుంటుంది.

చట్రం, కొలతలు

గుండ్రటి తొడుగుకు వెల్డింగ్ షాపులో సన్న చువ్వతో రెండు రింగులు చేయించుకుంటే సరిపోతుంది. వెదురు బద్దలైతే మేదరోళ్ల దగ్గర చీల్పించుకోవచ్చు. చెక్క కావాలంటే పొణికి ఉంది. నిర్మల్ బొమ్మలకు వాడే ఈ కర్ర చాలా తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది. నిర్మల్‌లో 1955లో ఏర్పడిన కళాకారుల సహకార సంఘం ఇప్పటికీ ఈ కర్రతోనే పనిచేస్తోంది. ఆ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొణికి చెక్కుడు పనికి మంచిదే గానీ మూలల్లో కుసులు తెగుతాయి. బరువు మోసే చోట టేకు బద్ద వేసి, పైన కనిపించే అంచుకు పొణికి వాడటం మేలు.

బట్టను రింగులకు అతికించడం కన్నా టైలర్ చేత లంగా నాడా గూడులాగా పైనా కిందా మడత కుట్టించి, అందులోకి రింగు దూర్చడం మంచిది. బొమ్మ మార్చాలన్నప్పుడు కుట్టు విప్పితే చాలు.

కొలతల్లో తప్పు జరిగేది ఎక్కువగా చుట్టుకొలత దగ్గర. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న తొడుగు చుట్టూ దాదాపు 63 సెంటీమీటర్లు వస్తుంది. కుట్టుకు ఒకటిన్నర కలుపుకోవాలి. ఎత్తు 25 అనుకుంటే, కెమెరా ఇచ్చే 3:2 అడ్డం ఫొటో వెడల్పు 37.5 సెంటీమీటర్లే. చుట్టూ సగానికి కాస్త ఎక్కువ నిండుతుంది, మిగతాది ఖాళీ. అదే నిలువు ఫొటోలైతే ఒక్కోటి 16.7 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, నాలుగు పెడితే 67 దగ్గర పడతాయి. అంచులు కొంచెం కోస్తే నాలుగూ ఇముడుతాయి. నలుచదరపు దీపమైతే ఈ కోతా అక్కర్లేదు. మొదటిసారి చేసేవాళ్లు నలుచదరమే ఎంచుకోవాలి. కుట్టు గీత ఎప్పుడూ గోడవైపు ఉండాలి. చట్రానికి నిలువు బద్దలుంటే వాటి నీడ తొడుగు మీద పడుతుంది, అది ఎవరి ముఖం మీదా పడకుండా చూసుకోవాలి.

25 సెంటీమీటర్లంటే దాదాపు 10 అంగుళాలు. అంగుళానికి 200 చుక్కల చొప్పున ఎత్తుకు 2000 చుక్కలుంటే బొమ్మ శుభ్రంగా వస్తుంది. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో నిలువుగా తీసిన ఫొటోలో అంతకు రెట్టింపే ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో మాత్రం కుంచించుకుపోయి వస్తుంది. డాక్యుమెంటుగా పంపించుకోవాలి.

బుగ్గ, వైరు

పాత 60 వాట్ల బుగ్గ ఇచ్చినంత వెలుగు ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది, వేడి చాలా తక్కువ. కాగితం, బట్ట ఉన్న చోట పాత ఫిలమెంటు బుగ్గ ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. బల్ల మీది దీపానికి 5 వాట్లు చాలు. మన దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది 6500 కెల్విన్ తెల్ల వెలుగు. అందులో మనుషుల చర్మం పాలిపోయినట్టు కనిపిస్తుంది. ముఖాలున్న ఫొటోకు 2700 లేదా 3000 కెల్విన్ అడిగి తీసుకోవాలి. రంగులు నిజంగా కనిపించాలంటే సీఆర్ఐ 90 ఉన్నది దొరికితే మరీ మంచిది.

ఎల్‌ఈడీ బుగ్గ వెలుగు ప్రధానంగా దాని గుండు వైపుకే వెళ్తుంది, హోల్డర్ వైపు చీకటి. బల్ల దీపంలో హోల్డర్ కింద ఉంటుంది కాబట్టి తొడుగు పైభాగం ఎక్కువ వెలుగుతుంది. వేలాడే దీపంలో ఇది తలకిందులవుతుంది. అందుకే ఆకాశం ఎక్కువున్న ఫొటో బల్ల దీపానికి, నేల వెలుగున్న ఫొటో వేలాడే దీపానికి పనికొస్తాయి.

గోడకు బిగించే పలచటి పెట్టెకు ఎల్‌ఈడీ పట్టీ వాడతారు. మీటరుకు 60 దీపాలున్న పట్టీలో ఒక్కో దీపం మధ్య 17 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. పాల తెలుపు పొరను కనీసం అంత దూరంలో పెట్టకపోతే బొమ్మ మీద చుక్కలు తేలతాయి. 12 వోల్టుల పట్టీ కాబట్టి మధ్యలో అడాప్టర్ ఉంటుంది. పిల్లలు తాకే చోట ఇదే భద్రం. ఇనుప చట్రమున్న దీపానికి నేరుగా ఇంటి కరెంటు ఇస్తే మూడు పోగుల వైరు వేసి ఎర్తింగ్ ఇవ్వాలి. హోల్డర్, వైరు ఐఎస్ఐ గుర్తున్నవే కొనాలి. తొడుగు పైనా కిందా గాలి ఆడేలా తెరిచి ఉంచాలి.

ఏ ఫొటో

దీపం నిండు పెళ్లి గుంపును భరించదు. ఇరవైమంది నిలబడ్డ ఫొటో వెలిగిస్తే ముఖాలన్నీ ఒకే తీరు మచ్చలవుతాయి. ఒక ముఖం, రెండు చేతులు, ఒక వాకిలి, ఒక చెట్టు చాలు. లోపలే వెలుగున్న ఫొటోలు, అంటే ఎండకు ఎదురుగా తీసినవి, కిటికీ పక్కన తీసినవి, దీపంలో సహజంగా ఒదుగుతాయి. మెట్‌పల్లి ప్రాంతంలో అలాంటి దృశ్యానికి వెతుక్కోవాల్సిన పనిలేదు. చలికాలం చివర పసుపు తవ్వి, ఉడికించి, కల్లాల్లో ఆరబోస్తారు. ఎండలో ఆ రాశుల ఫొటో 2700 కెల్విన్ బుగ్గ ముందు పెడితే పసుపు ఇంకా పసుపవుతుంది. నేల నిండా వెలుగు ఉంటుంది కాబట్టి వేలాడే దీపానికి సరిగ్గా కుదురుతుంది. పొద్దుగూకేటప్పటి గోదావరి, ఎదురెండలో మక్కజొన్న చేను, మగ్గం మీది నూలు కూడా ఇలాంటివే. రాత్రిపూట ఫ్లాష్‌తో తీసిన ఫొటోలు, ముదురు నలుపు ఎక్కువున్నవి పక్కన పెట్టేయాలి. బట్టలోంచి వెలుగు కారి నలుపు బూడిదవుతుంది.

ఖర్చుకు ముందు చేయదగ్గ పరీక్ష ఒకటే. ఏ4 సైజులో ఒక ప్రింటు తీసి, ఫోన్ టార్చ్ ముందు చేతి జానెడు దూరంలో పట్టుకుని, చీకటి గదిలో చూడాలి. అక్కడ నచ్చని ఫొటో దీపంలోనూ నచ్చదు.

ఇంట్లో ఒకే ప్రతి ఉన్న తాతల నాటి ఫొటోను ఎప్పుడూ దీపంలో పెట్టవద్దు. వెలుగుకు ఏ ఫొటో అయినా ఏదో ఒకనాటికి వెలిసిపోతుంది. దాన్ని స్టూడియోలో స్కాన్ చేయించి, అసలుది చెమ్మ తగలని చోట దాచి, దీపానికి నకలు మాత్రమే వాడండి.